గీతలేని రికార్డు

మా పాత జాజ్ రికార్డు నా చేతిలోంచే జారి పగిలింది. ఊరంతా జల్లెడపట్టి అదే రికార్డు ఇంకొకటి తెచ్చాను. దాని మీద గీత అన్నదే లేదు.

ట్రంపెట్ మొదలవగానే మా ఆవిడ కళ్లు మెరిశాయి. నన్నే గుర్తుపట్టని మనిషి, ఆ పాట మాత్రం మర్చిపోలేదు. వెంట కూనిరాగం తీస్తూ, ఒకచోట ఠక్కున ఆగి బెదిరిపోయింది.

"ఇది మా ఇల్లు కాదు. నన్ను మా ఇంటికి పంపించెయ్యండి."

పాతదాని మీద సరిగ్గా అక్కడో గీత ఉండేది. ముల్లు గెంతి, అదే ముక్క మళ్లీ వచ్చేది. తనూ మళ్లీ పాడేది.

రికార్డు మీద వేలిముద్ర పడితేనే ఇల్లు పీకి పందిరేసే నేను, పిన్నీసు తీసి అక్కడ గీకబోయాను.

తను నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, వద్దు బాబూ! మా ఆయన చూశారంటే మిమ్మల్ని చంపేస్తారు."