మాణిక్యం నొప్పిలో ఒక గంట

పేషెంటు నొప్పిని వేరేవాళ్లు వంద గంటలు మోస్తే ఆస్పత్రి బిల్లు మాఫీ. ఆ పద్ధతి వచ్చాక జగన్నాథపురంలో ఎవరికెంత మంచిపేరుందో తేలిపోయింది.

మొగుడు లేకుండా కూతుర్ని పెంచుకుంటున్న టైలరు మాణిక్యానికి గుండె ఆపరేషన్ అయితే, వారంలో తొంభై ఎనిమిది గంటలు పోగయ్యాయి. పాలవాడు కూడా వచ్చి, నొప్పిని తనలోకి లాగే పట్టీ చేతికి కట్టించుకుని, గంటసేపు మూలిగి వెళ్లాడు.

ఎదురింటి కనకవల్లికి ఒళ్లు మండిపోయింది. పోయినేడు తన ఆపరేషన్‌కి వీధిలో ఒక్క పురుగు రాలేదు. వంద గంటలూ మొగుడే మోశాడు.

ఆ సాయంత్రం ఆరింటికి గడువు. వంద నిండకపోతే మాణిక్యం ఇల్లూ, మిషనూ బిల్లు కింద పోతాయి. నాలుగింటికి కనకవల్లి ఆస్పత్రిలో దిగింది.

"అంత నొప్పేంటో నేనూ చూస్తా!"

నర్సు మాణిక్యం మంచం పక్కనే కూచోబెట్టి పట్టీ కట్టింది. రొమ్ము ఎముక మీద రంపం ఆడినట్టయింది. ఆ వెనకే, కడుపులోంచి గొంతు దాకా ఇంకో మంట. పట్టీలోంచి ఒక్కోసారి మనసులోదీ కారుతుందని విన్నదే. ఈ మంట తనకు కొత్త కాదు. వారంగా తననీ ఇదే తింటోంది.

"ఇది కోత మంట కాదు. ఎవర్ని చూసి కుళ్లుకుంటున్నావే?"

మాణిక్యం మొహం గోడవైపు తిప్పుకుంది.

"నిన్నే వదినా. నీకు ఒక్క మనిషి సరిపోయాడు. నాకు వీధంతా కావాల్సొచ్చింది."

అయిదింటికి నర్సు పట్టీ విప్పబోతే కనకవల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉండనీ అమ్మాయ్. ఆ వందోది కూడా నా పేరే రాయి."