సింహాద్రి బారసాల

బావా, నీ చెల్లెలికి మగపిల్లాడు పుట్టాడు. ఈ వయసులో ఇదేటని నవ్వకు, మీసాలతోనే పుట్టాడు.

మన సింహాద్రే. చైనావాళ్ళు ఖైదులోంచి వదిలేస్తే నిన్న దుర్గ్‌లో రైలు దిగి, క్యాంప్ 2కి వచ్చీసాడు. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుం కరిగించే భట్టీ దగ్గర వేడి పడలేక, మిలట్రీలో చల్లగా ఉంటాదని చేరినోడు కదా, మంచులో గుడ్డబూట్లతో నడిచి మూడు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు. ఖైదులో ముల్లంగి నీళ్ళే తిండంట.

"ఏరా, చల్లగా ఉందా?" అన్నాను.

"భట్టీలోకే తోసీ నాన్నా" అన్నాడు.

గుమ్మం దాటబోతే పంతులుగారు ఆపారు, ముందు పసిపిల్లాడి స్నానం అవ్వాలన్నారు. నీ చెల్లెలు పీట మీద కూర్చుని, ఆరడుగుల కొడుకుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి నీళ్ళు పోసింది. ఖైదులో ఏడవనోడు అప్పుడు ఏడ్చాడు. పుట్టినోడు ఏడవాలి కదా అని నేను నవ్వాను, ఏడుస్తూనే.

పోయాడని మనం కర్మ చేసేశాం కదా. అలాటోడు మళ్ళీ పుట్టి, పేరు పెట్టించుకుంటేనే బతికున్నట్టంట.

గురువారం బారసాల. దినం భోజనానికి వచ్చినోళ్ళందరికీ చెప్పు: బొబ్బిలి అప్పకి, సాలూరు తమ్ముడికి, రాజాం మేనత్తకి. పుట్టింట్లో బోడి చేతులతో ఉన్న కోడలికి మాత్రం నువ్వే వెళ్ళి చెప్పు, గాజులు పట్టుకెళ్ళు. పెళ్ళి కూడా మళ్ళీ చెయ్యాలంట, పెళ్ళికొడుకు పాతోడే.