ఆరు కిలోల ప్రామ్

విజయవాడలో ఆ ఉదయం తొమ్మిదికి యాభై రెండు డిగ్రీలు. చల్లగాలి ఇచ్చే మూత ఉన్న ప్రామ్, అంటే పసిపిల్లల తోపుడుబండి, లేకుండా పసిబిడ్డను ఆసుపత్రి దాటనివ్వరు. అందుకే అందరూ అయిదో నెలలోనే ప్రామ్ ఎంచుకుంటారు. నీలిమకు పాప పుట్టి నాలుగు రోజులైంది. ప్రామ్ లేదు.

"పుట్టకముందే ఏమీ కొనకూడదన్నారు మా అత్తయ్య," అంది నీలిమ.

నర్సు తెర మీద రెండు ప్రాములు చూపించింది. "ఇదైతే ఇప్పుడే ఇస్తాం. ఇరవై కిలోలు. మీ లిఫ్టులో పడుతుందా?"

"అందులో ఇద్దరు నిలబడితేనే ఇరుకు. మాది పద్దెనిమిదో అంతస్తు. ప్రామ్ కింద పెట్టేసి పాపను ఎత్తుకెళ్తాం."

"లిఫ్టులోనూ ఇదే వేడి కదమ్మా. డాక్టరుగారు ఒప్పుకోరు. ఈ రెండోది ఆరు కిలోలు, మడిస్తే సంచంత. పుట్టిన రోజు నుంచీ పనికొస్తుంది. కాకపోతే ఇరవై రెండు రోజులు ఆగాలి."

"అందాకా?"

"పాప ఇక్కడే ఉంటుంది. మీ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. పాలివ్వడానికి పొద్దున, సాయంత్రం రండి."

పక్కనే నిలబడి వింటున్న అత్తగారు సామ్రాజ్యమ్మ పాపను ఎత్తుకుని కొంగు కప్పింది.

"మా వాణ్ణి నేనిట్టాగే తెచ్చుకున్నా. మీ యంత్రాలు ఎవరడిగారే?" అంటూ గుమ్మం వైపు నడిచింది.

నర్సు ఆపలేదు. తలుపు దానంతటదే తెరుచుకుని, బయటి వడగాలి ముఖాన కొట్టింది. పాప నోరు తెరిచింది, ఏడుపు రాలేదు. సామ్రాజ్యమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. తలుపు మూసుకున్నాక ఏడుపు వినబడింది.

ఆమె పాపను నర్సు చేతుల్లో పెట్టింది. కోడలి వైపు చూడలేదు.

"ఆ ఆరు కిలోలదే రాయమ్మా," అంది.