నీలం తాడు

గ్రంథాలయం తలుపు ముందు ఆ సోమవారం కూడా పుస్తకాల కట్ట ఉంది. నీలం నైలాను తాడుతో కట్టి ఉంది.

వాలంటీరు శ్రీసత్య తాడు కొస పట్టి లాగింది. ఒక్క లాగుకే ముడి విడిపోయింది.

"పోర్టు కలాసీలేసే ముడక్కా ఇది," అన్నాడు ట్రాలీ ఆటో వీరేంద్ర. "ఎంత బరువైనా జారదు. కొస లాగితే ఊడొచ్చేత్తాది."

"ఆరేళ్ళనుంచి ఇలాగే ఎవరో పెట్టి ఎళ్ళిపోతన్నారు. ఒక్కసారి కనబడితే దండం పెడదును."

"కనబడరు. నువ్వెక్కు."

కంచరపాలెంలో బయల్దేరారు. ఇల్లిల్లూ తిరిగి పాత పుస్తకాలు ఎత్తుకుని, మధ్యాహ్నానికి సబ్బవరం హాస్టలుకు చేర్చాలి. అక్కడ పదో తరగతి పిల్లలు నలభై మంది.

మర్రిపాలెం దాటాక అద్దంలో ఒకతను కనబడ్డాడు. పాత మోపెడ్. మొహం నిండా తువ్వాలు.

గోపాలపట్నంలో మూటలెక్కించి కదలబోతుంటే మళ్ళీ అతనే. దూరం నుంచి చెయ్యెత్తాడు.

శ్రీసత్య చెయ్యి మెడలోని గొలుసు మీదికి వెళ్ళింది. పోయిన నెల ఈ రోడ్డులోనే తోటి వాలంటీరు దేవిశ్రీ గొలుసు ఎవడో బండి మీద వచ్చి తెంపుకుపోయాడు. మెడ మీద గాటు ఇంకా మానలేదు.

"వీరేంద్రా, వాడు మన ఎనకే వస్తన్నాడు."

"ఎవుడు?"

"ఎనక్కి సూడకు. తొందరగా పోనీ."

ఆటో వేగం పెరిగింది. మోపెడ్ వేగమూ పెరిగింది.

శ్రీసత్య గొలుసు తీసి జాకెట్టులో దాచుకుంది.

పెందుర్తిలో ట్రాఫిక్ ఆగింది. మోపెడ్ పక్కకొచ్చి ఆగింది. ఎముకలు తేలిన చెయ్యొకటి ఆటోలోకి వచ్చింది.

శ్రీసత్య కెవ్వున అరిచింది.

టీ తాగుతున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎవరో ఒకటి కొట్టారు. వీరేంద్ర మోపెడ్ తాళం లాగి కాలవలోకి విసిరేశాడు.

"పొద్దున్నించీ ఆడకూతురి ఎనకాల ఏటిరా నీకు పని?"

తువ్వాలు జారింది. అరవై దాటిన మనిషి. రొప్పుతున్నాడు. పెదవి చిట్లింది.

"అమ్మా... పుస్తకాలు..."

"పుస్తకాలు నీకెందుకు? తూకానికా?" అన్నాడొకడు.

ఎవరో నవ్వారు. అతను చేతులు జోడించాడు. శ్రీసత్య అతని మొహం చూడలేదు.

"పోనీ వీరేంద్రా."

సబ్బవరంలో మూటలు దించారు. చివరి మూట చేతికి తేలిగ్గా వచ్చింది. అడుగు కుట్టు విడిపోయి ఉంది. లోపల రెండే పుస్తకాలు.

పద్దెనిమిది మంది పిల్లలు వట్టి చేతులతో నిలబడ్డారు.

రాలిన పుస్తకాల కోసం వీరేంద్ర ఆటో వెనక్కి తిప్పాడు.

పెందుర్తిలో టీకొట్టు కాసులమ్మ ఎదురొచ్చింది.

"వస్తావని సూస్తన్నానమ్మా. పుస్తకాలు నీ ఆటోలోంచి రాలిపోయినవంట. మర్రిపాలెం కాడ్నించి ఆ పెద్దాయన సంచిలోకి ఏరుకుంటా వచ్చాడంట. ఒక్కొక్కటీ తువ్వాలుతో తుడిసి, కట్ట కట్టి నాకిచ్చాడు."

"ఆయనేడీ?"

"బండి తోసుకుంటా ఎళ్ళిపోనాడు. టీ ఇత్తానంటే వద్దన్నాడు."

రోడ్డు మీద లారీలు తప్ప ఎవరూ లేరు.

కాసులమ్మ బల్ల కింద నుంచి కట్ట తీసి ముందు పెట్టింది.

శ్రీసత్య వంగి నీలం తాడు కొస పట్టి లాగింది. ఒక్క లాగుకే ముడి విడిపోయింది.