నాటినవాడి పేరు

"ఆ బుట్ట కింద పెట్టు బావా. మా చెట్ల కాయలవి."

"మీ చెట్లా? ఎవరు నాటారేంటి?"

"మా తాత!"

"మీ తాత చాప మీంచి లేస్తే కదా బామ్మర్దీ, నాటడానికి!"

కౌబా విల్లు అందుకున్నాడు. వాసిన్ బుట్ట వదల్లేదు.

గట్టు మీద, బాదం లాంటి పప్పు కాసే గలిప్ చెట్ల తోపు కోసం ఆ రెండు వంశాలదీ పాత పోరు. గలిప్ పప్పు లేనిదే ఆ ఊళ్లో పెళ్లి జరగదు, చావు విందు జరగదు. కిందటేడు ఇదే తోపులో ఒకడి భుజంలో బాణం దిగింది. ఈసారి గుండెలో దిగుతుందని ఊరంతా భయపడుతోంది.

ఊరి పెద్ద యంబోన్ వచ్చి ఇద్దరి మధ్యా చతికిలబడ్డాడు.

"నాటినవాడిదే నేల. ఇది మన పెద్దల మాట. నాటినవాడి పేరు చెప్పండి, చాలు."

కౌబా ఒక పేరు చెప్పాడు. వాసిన్ దాని మీద ఇంకోటి చెప్పాడు.

"అబద్ధమైనా అతికినట్టుండాలిరా," అన్నాడు యంబోన్. "నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇక్కడ గడ్డి తప్ప ఏముంది? మీ తాతలు అప్పటికే మట్టిలో ఉన్నారు."

అప్పుడు మెందై నోరు విప్పింది. నది దిగువన కాపురం చేసి, మొగుడు పోయాక ఈ ఊరొచ్చి ఉండిపోయిన ముసలమ్మ. తోపు పక్కనే ఆమె గుడిసె. ఎవరింటి గొడవలోనూ తలదూర్చే మనిషి కాదు.

"వీళ్ల తాతలూ కాదు, వాళ్ల తాతలూ కాదు. పెద్దాయన నాటాడు. నేను చూస్తూనే ఉన్నా."

"ఏ పెద్దాయన? పేరు?"

మెందై నాలుక కరుచుకుంది.

"నేను చెప్పకూడదయ్యా. మా మామ పేరూ అదే."

ఎవరూ రెట్టించలేదు. మామ పేరు పలికిన కోడలికి పళ్లూడిపోతాయని ఆ ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆమె మామ నది దిగువ మనిషి. ఆయన పేరేమిటో ఇక్కడ ఒక్కరికీ తెలియదు.

"పోనీ, ఎక్కడుంటాడు?"

"వాగు అవతల. పండ్లు రాలే రోజుల్లో పొద్దున్నే వస్తాడు, ఒక్కడే. తిన్నంత తింటాడు. మీలాగా బుట్టలు నింపుకోడు. పోతూ పోతూ నాటిపోతాడు."

"పెళ్లాం పిల్లలు?"

"ఆవిడ వదిలేసి పోయింది. పిల్లల్ని తనే పెంచాడు."

ఆడవాళ్లంతా అయ్యో పాపం అన్నారు.

"మెత్తనివాడేనా?" అన్నాడు కౌబా.

"జోలికెళ్లకపోతే మెత్తనే. వెళితే కాలితో జవాబు చెబుతాడు."

మగవాళ్లు నవ్వారు.

"అయితే రేపు ఆయన్నే అడుగుదాం," అన్నాడు యంబోన్.

"ఆయన మాట్లాడే రకం కాదయ్యా. దూరం నుంచి ఊరికే చూడండి. మీకే తెలుస్తుంది."

"సరే. రేపు విల్లులు ఇంట్లో పెట్టి రండి. ఆయన వస్తే రెండు వంశాలకీ చుట్టమే. విందు చేద్దాం."

చుట్టాన్ని ఎవరు మెప్పిస్తే తోపు వాళ్లదని ఇద్దరికీ ఆశ పుట్టింది. కౌబా సాయంత్రమే వాగు ఎగువన ఉచ్చు పన్నాడు. మెప్పంతా ఒక్కడే కొట్టేస్తాడేమోనని వాసిన్ కూడా వెళ్లి తాడు పట్టుకున్నాడు.

తెల్లారేసరికి ఉచ్చులో మురుక్ పడి ఉంది. మనిషెత్తు నల్లపక్షి. దానికి ఎగరడం రాదు గానీ, తన్నిందంటే పేగులు బయటికొస్తాయి. దాని మాంసాన్ని మించిన విందు ఆ చుట్టుపక్కల లేదు. ఇద్దరూ ఈటెలతో పొడిచి, కర్రకు కట్టి, ముందొకరు వెనకొకరు మోసుకొచ్చారు. బావాబామ్మర్దులు కలిసి ఒక పని చేయడం చూసి యంబోన్‌కి కళ్లు చెమర్చాయి.

గుంట తవ్వారు, రాళ్లు కాల్చారు, ఆకులు కప్పారు. తోపంతా కమ్మటి వాసన.

పొద్దు నడినెత్తికి వచ్చాక మెందై వాగు దిగువ రేవు నుంచి తిరిగొచ్చింది. ఆయన కోసం తెల్లవారక ముందే వెళ్లి ఇప్పటిదాకా అక్కడే కూర్చుంది.

"పెద్దాయన రాలేదయ్యా. పండ్లు రాలాక ఒక్కపూట కూడా తప్పేవాడు కాదు. నాకేదో భయంగా ఉంది."

"వస్తాడులే పిన్నీ," అన్నాడు కౌబా. "తొడ మాంసం ఆయన కోసమే ఆకులో కట్టి ఉంచాం. మా బావ ఆగలేక అప్పుడే మొదలెట్టాడు, చూడు."

వాసిన్ నిండు నోటితో నవ్వాడు.

మెందై గుంట పక్కనున్న చెట్టు కొమ్మ వైపు చూసింది. నల్లటి ఈకల కట్ట వేలాడుతోంది. దాని కింద అరిటాకు మీద, పక్షి కడుపులోంచి తీసిన గింజల కుప్ప.

"దొంగబుద్ధి చూశావా? అన్నీ మన గలిప్ కాయలే మింగింది," అన్నాడు కౌబా. "ఒక్క గింజా నలగలేదు. ఎక్కడ విసర్జిస్తే అక్కడ మొలిచేలా ఉన్నాయి!"

ఆ మాట అన్నాక అతనికే నవ్వు రాలేదు.

మెందై ఆకు పక్కన కూలబడింది. ఒక గింజ తీసుకుని గుప్పిట్లో దాచుకుంది. ఏడవలేదు.

యంబోన్ ఆ గింజల వైపు చూశాడు. వాగు అవతల, ఒక్కడే, పండ్లు రాలే రోజుల్లో. ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"మెందై, ఆయన పేరు చెప్పు. ఆ పాపం నేను మోస్తాను. చెప్పు తల్లీ."

వాసిన్ నమలడం ఆపేశాడు.

పెళ్లయిన నాటి నుంచి పెదవి దాటనివ్వని తన మామ పేరును మెందై మొదటిసారి పలికింది.

"మురుక్."