‘నాది!’

“రోజంతా స్టంపుల వెనక లొడలొడా వాగుతూనే ఉంటావే! ఆ ఒక్క మాటకి నోరు పెగల్లేదా అన్నయ్యా?”

తమ్ముడి గొంతు ఆసుపత్రి గదంతా మోగింది. మంచం మీద అన్న కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఆ చేతికి ఇక గ్లవ్స్ తొడగడం కుదరదని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

“ఆ పక్క కాదురా, ఈ పక్కకొచ్చి కూర్చో.”

“ఎటైతే ఏంటి? ఈమధ్య నీకిదో చాదస్తం!” విసుక్కుంటూనే తమ్ముడు కుర్చీ ఇటు లాక్కున్నాడు.

జట్టులో అన్నకి వాగుడుకాయ అని పేరు. పదిహేనేళ్ళు వికెట్ల వెనక వంగీ లేచీ వేళ్ళన్నీ వంకర్లు పోయాయి. జాతీయ జట్టు నుంచి పిలుపు కోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి. ఈసారి అన్నదమ్ములిద్దరికీ పిలుపు ఖాయమన్నారు. నిన్నటి మ్యాచ్ ఒక్కటే మిగిలింది.

ఆ మ్యాచ్‌లో బంతి బ్యాటు అంచుకి తగిలి నిట్టనిలువుగా లేచింది. అలాంటప్పుడు పట్టేవాడు “నాది!” అని అరవాలి, పక్కవాడు తప్పుకోవాలి. చిన్నప్పుడు పెరట్లో తమ్ముడికి అన్న నేర్పిన మొదటి పాఠం అదే. నిన్న మాత్రం కీపరైన అన్నా, అతని కుడిపక్కన స్లిప్‌లో ఉన్న తమ్ముడూ ఆకాశంకేసి చూస్తూ పరుగెత్తి ఢీకొన్నారు. బంతి నేలపాలైంది. అన్న మణికట్టు నుజ్జయింది.

జట్టు మేనేజర్ లోపలికి వచ్చాడు. “సెలెక్టర్లు అడుగుతున్నారు. అరిచావా, లేదా?”

“లేదు సార్.”

“బౌలర్ ఏదో కేక విన్నానంటున్నాడు.”

“జనం గోల అయ్యుంటుంది. నేనే నోరు మెదపలేదు. తప్పు నాది.”

“ఆ ‘నాది’ ఏదో నిన్న అనుంటే బాగుండేది కదయ్యా! అరవని కీపర్‌కి రేపు కోచ్ పని కూడా ఎవరిస్తారు?” మేనేజర్ నిట్టూర్చి తమ్ముడి వైపు తిరిగాడు. “నీ తప్పేం లేదన్నమాట. బట్టలు సర్దుకో, నిన్ను తీసుకుంటారు.”

మేనేజర్ వెళ్ళగానే తమ్ముడికి ఏడుపు ఆగలేదు. “ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం కదా! చెయ్యీ పోయింది, పేరూ పోయింది. చేతులారా చేసుకున్నావు.”

“నా వాటా కూడా నువ్వే ఆడు. ఒక్కమాట విను, అక్కడ స్లిప్‌లో నిలబడకు. బౌండరీ దగ్గర ఉంటానని అడుగు.”

“ఎందుకు?”

“నీ పరుగుకి అదే నయం. పోయినేడాది చెవి మీద బంతి తగిలింది చూడు, అది కూడా ఓసారి మంచి డాక్టరుకి చూపించుకో.”

“అదెప్పుడో మానిపోయిందిగా! నీ సంగతి చూసుకో ముందు.”

 

అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడు ఫోన్ కుడిచెవికి ఆనించుకుని, కళ్ళు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి నడిచాడు. “అవునమ్మా, అన్నయ్య అసలు అరవనే లేదు,” అంటున్నాడు.

“చిన్నోడా!” అన్న పిలిచాడు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు. బయట వరండాలో వెళ్తున్న నర్సు ఆగి తొంగిచూసింది.

నిన్నటి ‘నాది!’ లాగే, ఈ పిలుపూ తమ్ముడి ఎడమచెవికి వినపడలేదు.