నిలువుదోపిడి

“ఈ వారమైనా వాణ్ణి సూడనీవా పాపా?”

ప్రయోగశాల గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అడిగింది తిరుమలమ్మ. ప్రతి శనివారం పాకాల నుంచి తిరుపతికి బస్సెక్కి వస్తుంది. రావద్దని ఎవరు చెప్పినా వినదు. తల్లిప్రాణం కదా, ఊరుకోదు.

అక్కడ పరిశోధన చేసే లోహిత చేతి తొడుగులు తీసి బయటికి వచ్చింది. “లోపలికి వద్దు పెద్దమ్మా. బయటి క్రిమి ఒకటి సోకినా అంతా పాడైపోతాది. అద్దంలోంచి సూడు.”

తిరుమలమ్మ అద్దానికి ముఖం ఆనించింది. మూసి ఉన్న తెల్లటి తలుపు ఒకటి కనిపించింది, అంతే.

“సలి పెడతాందేమో?”

“లేదు. మన ఒంట్లో ఎంత వెచ్చన ఉంటాదో అంతే పెట్టినాము.”

“తిండి?”

“వేళకు నేనే పెడతా ఉండా.”

తిరుమలమ్మ కొంగుముడి విప్పి, కాణిపాకం విభూతి గుమ్మానికి పూసింది. మునిచంద్ర ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఒంట్లో ఏళ్ల తరబడి నక్కి ఉన్న వైరస్ అతని నెత్తుటిలో క్యాన్సర్ రేపింది. ఆసుపత్రి మందులకు అది లొంగలేదు. ఇక్కడ రాగితో, వెండితో చేసిన మందులూ ఓడిపోయాయి. ఇప్పుడు ప్రొఫెసర్ పరంధామయ్య బంగారం కలిపి ఇంకొకటి తయారుచేశారు.

“రోగం సస్తే కొండకు పోయి నిలువుదోపిడి ఇస్తానని అప్పుడే మొక్కుకున్నా. ఒంటిమీదుండే బంగారమంతా హుండీలో ఏసేస్తా” అంది తిరుమలమ్మ.

“ఈ పొద్దే మందు ఏస్తాము” అని లోహిత తల దించుకుంది. ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

లోపలికి వెళ్లి పరంధామయ్యను అడిగింది. “ఇంకో వారం ఆగుదామా సార్?”

“ఎందుకమ్మా? నిల్వ ఉన్నదంతా దీనికే పెట్టేశాం. ఆపితే ఇన్నాళ్ల పని వృథా.”

“ఆమె ఏమైపోతుందోనని.”

“ఒప్పుకుని సంతకం పెట్టింది ఆమే కదా. ఇదే జబ్బుతో ఇంకా ఎంతమంది బిడ్డలున్నారో ఆలోచించు.”

తర్వాతి శనివారం లోహితే మెట్ల దాకా ఎదురు వెళ్లింది.

“మందు పనిచేసింది పెద్దమ్మా.”

“రోగం సచ్చిందా?”

“సచ్చింది. ఒక్క కణం గూడా మిగల్లేదు.”

తిరుమలమ్మ మెట్టు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోహిత పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది. చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, చెవికమ్మలు తడుముకుంది.

“కొండకు పోతా పాపా. మొక్కు తీర్సాల గదా. నాకింగ మిగిలుండేది ఇదొకటే, ఇదీ ఆ సామికే ఇచ్చేస్తా.”

“మళ్లీ శనివారం రా పెద్దమ్మా.”

“ఎవుర్ని సూసేదానికి?”

మునిచంద్ర పోయి నాలుగేళ్లయినా, పరీక్షల కోసం అతని ఒంట్లోంచి తీసి పెంచిన ఆ రోగపు రక్తకణాలు ఆ తెల్లటి తలుపు వెనుక మొన్నటిదాకా బతికే ఉన్నాయి.